స్లాబు పోయకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే హనుమకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల ఏ కాలనీలో చూసినా కొత్త ఇళ్లకు ముగ్గులు పోస్తుంటారు. ఊళ్లలో ఇందిరమ్మ ఇళ్ల పనులు నడుస్తున్నాయి. కట్టుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎలివేషన్ గురించి, టైల్స్ గురించి, ఫాల్స్ సీలింగ్ గురించి. వీటిలో ఏదీ ముందే తేల్చాల్సింది కాదు. టైల్ నచ్చకపోతే పదేళ్లకైనా మార్చుకోవచ్చు. బేస్‌మెంట్ ఎత్తును మాత్రం మార్చలేరు, స్లాబులో వేయని పైపును తర్వాత వేయలేరు. మట్టిలోకి, కాంక్రీటులోకి, గిలాబు కిందికి పోయేది ఏదైనా పని మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి. ఈ సంగతి ఇల్లు కట్టబోయేవాళ్లకు మీ పత్రిక ద్వారా చెప్పాలని రాస్తున్నాం.

మొదటిది బేస్‌మెంట్ ఎత్తు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ నాలా వెంట కాలనీలు ఎట్లా మునిగాయో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మునగని చోట కూడా ఇంకో చిక్కుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ లేస్తుంది. మట్టిరోడ్డు మీద కంకర పరిచి సీసీ పోస్తే అడుగు దాకా ఎత్తవుతుంది, తర్వాత దాని మీద ఇంకో పొర పడుతుంది. ఇవాళ రోడ్డుకు అడుగున్నర ఎత్తులో ఉన్న ఇల్లు పదిహేనేళ్లకు రోడ్డు కిందికి దిగేది అందుకే. కాబట్టి ఎత్తును ప్లాటు నేల నుంచి కాదు, రోడ్డు నడిమధ్య నుంచి కొలవాలి. సీసీ పడిన వీధిలో కనీసం రెండున్నర అడుగులు, మట్టిరోడ్డు అయితే మూడు నుంచి మూడున్నర అడుగులు పెట్టాలి. నాలాకు దగ్గరైతే పాత వరద గీత ఎక్కడిదాకా ఉందో పక్క ఇళ్ల గోడల మీద చూసి, దానికి అడుగు పైన పెట్టాలి.

ఎత్తు ఒక్కటే సరిపోదు. సంపు మూత నేలకు సమంగా ఉంటే వీధిలో కాస్త నీళ్లు నిలిచినా మోరీ నీళ్లు సంపులో కలుస్తాయి. సంపు నోటి చుట్టూ అడుగు ఎత్తు గట్టు కట్టి, అంచు మీదుగా కిందికి దిగే మూత పెట్టాలి. బోరు కేసింగ్ పైపును నేల నుంచి రెండడుగులు పైకి వదలాలి. మీటరు బోర్డు అడుగుభాగం నేలకు అయిదడుగుల పైన ఉండాలి. ఇంటి నుంచి బయటి మోరీకి పోయే పైపు మీద, ఆఖరి చాంబరులో నాన్-రిటర్న్ వాల్వు పెట్టించాలి. అది లేకపోతే బయట మోరీ పొంగినప్పుడు ఆ మురికి బాత్రూం జాలీలోంచి, కమోడ్‌లోంచి ఇంట్లోకే వస్తుంది. గుమ్మం ముందు ఇసుక బస్తాలు పేర్చినా ఇల్లు మునిగేది ఈ దారినే.

చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో ప్లాటు కొన్నవాళ్లకు మాత్రం ఎంత ఎత్తు లేపినా లాభం లేదు. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు ఏమీ కట్టకూడదని రాష్ట్ర నిబంధన ఉంది. ప్లాటు పత్రాలతో పాటు ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు కూడా చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

రెండోది కాళ్ల కింద మట్టి. మన దగ్గర ఒక కాలనీ ఎర్రటి చెల్క నేల మీద ఉంటే పక్క కాలనీ నల్లరేగడి మీద ఉంటుంది. చెల్కలో నాలుగు నుంచి అయిదడుగులకే గట్టి మొరం తగులుతుంది. రేగడి అట్లా కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత పగులు ఇస్తుంది. దాని మీద నిలిపిన పునాది ఏటా లేచి దిగుతుంటే కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా పగులుతుంది. ఆ పగులును పుట్టీతో ఎన్నిసార్లు పూడ్చినా మళ్లీ వస్తుంది, ఎందుకంటే కదిలేది గోడ కాదు, నేల. రేగడి లోతు ఆరేడు అడుగుల లోపే ఉంటే మొత్తం తవ్వి మొరం తగిలిందాకా ఫుటింగ్ దించాలి. అంతకంటే లోతుగా ఉంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్-రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటిని ప్లింత్ బీముతో, అంటే గోడల కింద పోసే కాంక్రీటు బీముతో కట్టాలి. ఆ బీము కింద మూడు అంగుళాల ఖాళీ వదలాలి. బీమును మట్టి మీద నేరుగా పోస్తే ఉబ్బిన రేగడి దాన్నే పైకి లేపుతుంది. కాకతీయులు 1213 నాటి రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపారు. నేల కదులుతుందని లెక్క వేసుకుని కట్టిన ప్రాంతం మనది.

ఇంటి చుట్టూ గోడను ఆనించి మూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా సిమెంటు గచ్చు పోయాలి. పునాది దగ్గర తేమ ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే రేగడి కూడా పెద్దగా కదలదు. గోడ పక్కనే పూలమడి కట్టి రోజూ నీళ్లు పోయడం, కూలర్ నీళ్లు అక్కడే వదలడం రేగడి నేలలో ఇంటికి చేటు.

బేస్‌మెంట్ నింపే పనిలో తొందర ఎక్కువగా చూస్తున్నాం. ట్రిప్పులకొద్దీ మొరం ఒక్కసారే పోసి, పైన నీళ్లు కొట్టి మరుసటి వారం బెడ్ (గచ్చు కింది కాంక్రీటు) వేసేస్తారు. రెండు వానాకాలాలు పోయేసరికి టైల్స్ కింద బోలు శబ్దం వస్తుంది, స్కర్టింగ్ దగ్గర సందు పడుతుంది. ఆరంగుళాల పొర పోయాలి, తడపాలి, దిమ్మిస కొట్టాలి. ఆ తర్వాతే ఇంకో పొర. రేగడిని నింపడానికి వాడొద్దు. నింపడం అయ్యాక, బెడ్ వేయకముందే చెదల మందు కొట్టించాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు పది లీటర్ల నీటికి 21 మిల్లీలీటర్లు కలిపి, చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున తడపాలి. దర్వాజలకు చెద పట్టాక కొట్టే మందు దీనికి సాటి రాదు.

ఇక్కడే ఒక ఇరకాటం ఉంది, దాన్ని దాచి లాభం లేదు. బేస్‌మెంట్ మూడడుగులు లేపితే ముసలివాళ్లకు మెట్లు ఎక్కువవుతాయి. చక్రాల కుర్చీ నడిచే ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి, అంటే మూడడుగులకు 36 అడుగులు. 150 గజాల ప్లాటులో అంత జాగా దొరకదు. మా సలహా ఏమిటంటే, వరద భయం ఉన్న చోట ఎత్తు తగ్గించవద్దు. దానికి బదులు ముందు మెట్లను ఆరంగుళాల ఎత్తు, పన్నెండు అంగుళాల వెడల్పుతో కట్టి, రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు పెట్టాలి. పక్క సందు పొడుగునా ర్యాంపు వచ్చే వీలుంటే అటువైపు ఒక దర్వాజ ఉంచాలి. ఏ ఇంటికైనా కింది అంతస్తులో ఒక పడకగది, దాన్ని ఆనుకుని బాత్రూం తప్పనిసరి. ఆ బాత్రూం దర్వాజ రెండుంపావు అడుగులది పెడుతున్నారు, చక్రాల కుర్చీ అందులోంచి పోదు. మూడడుగుల దర్వాజ పెట్టాలి. కమోడ్ పక్క గోడలో కడ్డీ బిగించే చోట ఇటుకకు బదులు కాంక్రీటు దిమ్మె పెడితే ఎప్పుడు కావాలంటే అప్పుడు కడ్డీ బిగించుకోవచ్చు.

లోపలి మెట్ల విషయంలో ఒకే తప్పు పదేపదే జరుగుతుంది. అన్ని మెట్లూ సమానంగా పోస్తారు, తర్వాత కింద గచ్చు మీద మసాలా, టైల్ కలిసి రెండంగుళాలు లేస్తుంది. మొదటి మెట్టు పొట్టిదవుతుంది, పై అంతస్తులో ఆఖరి మెట్టు పొడుగవుతుంది. కాలికి అలవాటైన ఎత్తు ఒక్కచోట తేడా వస్తే మనిషి పడేది అక్కడే. సెంట్రింగ్ కొట్టేటప్పుడే టైల్ మందం లెక్కలోకి తీసుకోవాలి.

పైపుల సంగతికి వస్తే, ప్లింత్ బీము పోసే రోజు ప్లంబర్ అక్కడ ఉండాలి. ఏ పైపు ఎక్కడ బీమును దాటుతుందో అక్కడ ఒక సైజు పెద్ద పీవీసీ ముక్క ముందే పెట్టాలి. పెట్టకపోతే తర్వాత బీముకు రంధ్రం కొడతారు, చువ్వ తెగుతుంది. కమోడ్‌కు నాలుగంగుళాల పైపు, బాత్రూం నీళ్లకు మూడు, వంటింటి సింకుకు రెండు. ప్రతి మలుపు దగ్గరా విప్పి శుభ్రం చేసే మూత ఉన్న బెండ్ వాడాలి. చాంబర్లను కారు నిలిపే చోట టైల్స్ కింద పూడ్చిపెట్టవద్దు. ప్లాటు పక్క సందు కనీసం మీటరు ఉంటేనే మనిషి కూర్చుని చాంబరు తెరవగలడు.

పై అంతస్తు బాత్రూం కింద స్లాబును పది పన్నెండు అంగుళాలు దించి పోస్తాం. ఆ తొట్టిలో వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి, కింద గదిలో తడి మరక వస్తుందో లేదో చూడాలి. దీన్ని ఎగ్గొట్టే మేస్త్రీని ఒప్పుకోవద్దు. పైపులు వేసినాక మళ్లీ ఒకసారి నింపి చూడాలి, కారేది ఎక్కువగా పైపు స్లాబును దాటే చోటనే. బాత్రూం గచ్చు గది కంటే ముప్పావు అంగుళం కిందికి ఉండాలి, జాలీ వైపు ప్రతి మూడడుగులకు అర అంగుళం వాలు ఉండాలి. కమోడ్ పైపును డాబా మీదికి రెండడుగులు లేపి గాలిపైపుగా వదలాలి. అది లేకపోతే పైన ఫ్లష్ చేసిన ప్రతిసారీ కింది జాలీలో ఉండే నీటి అడ్డు లాగేసుకుపోతుంది, బాత్రూం ఎంత కడిగినా వాసన పోదు. గాలిపైపు నోటికి జాలీ కట్టాలి, లేకపోతే దోమలు అందులోనే పుడతాయి.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలిపేస్తున్నారు. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, గీజర్ రాడ్డుకు తెల్లటి పెచ్చు కడుతుంది, నల్లాలు బిగుసుకుపోతాయి. సంపు మధ్యలో గోడ పెట్టి రెండు భాగాలు చేసి, డాబా మీద 500 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి నల్లా నీటికి వేరుగా పెట్టుకుంటే వంటింటికి, గీజర్లకు ఆ లైను ఇవ్వొచ్చు. పైపు ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే. పెద్ద ట్యాంకు విషయంలో బరువు మరవొద్దు. 2,000 లీటర్లంటే రెండు టన్నులు. నైరుతి మూల పెట్టుకున్నా, మెట్లగది మీద పెట్టుకున్నా దాని కాళ్లు పిల్లర్ల మీదనో బీముల మీదనో నిలవాలి, స్లాబు నడుమ కాదు. ట్యాంకు అడుగు డాబా నుంచి కనీసం ఆరడుగులు పైన ఉంటేనే పై అంతస్తు షవర్‌లో నీళ్లు సరిగ్గా పడతాయి.

కరెంటు పని స్లాబు చువ్వలు కట్టిన రోజే మొదలవుతుంది. ఆ రోజుకు మంచం ఎటు తల పెట్టుకుంటారో, టీవీ ఏ గోడకో, ఏసీ ఎక్కడో, ఫ్రిజ్ ఎక్కడో తేలి ఉండాలి. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మామూలు ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4, ఈ రెండింటికీ డీబీ (కరెంటు లైన్లు పంచే పెట్టె) నుంచి వేర్వేరు లైన్లు. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా ఇంట్లోకి దిగవద్దు. ఎర్తింగ్ గుంత తవ్వి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, పైన నీళ్లు పోసే గరాటు వదలాలి. మన ఎండలకు నేల ఎండిపోతే ఎర్తింగ్ పనిచేయదు కాబట్టి ఎండాకాలం అందులో నీళ్లు పోస్తుండాలి.

ఇన్వర్టర్ సంగతి చాలా ఇళ్లలో చివరికి గుర్తొస్తుంది. అది పెట్టే చోటు నుంచి డీబీ దాకా ఒక పైపు ముందే వేయాలి. ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు, ఫ్యాన్ల న్యూట్రల్ మిగతా లైన్ల న్యూట్రల్‌తో ఎక్కడా కలవకూడదు. కలిస్తే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది. విసిగిపోయిన ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తాడు, ప్రాణం కాపాడే పరికరం అక్కడ ఉండీ లేనట్టే అవుతుంది. బ్యాటరీ అరవై కిలోల దాకా ఉంటుంది, అందులో యాసిడ్ ఉంటుంది. దాన్ని సజ్జ మీద, పడకగదిలో పెట్టవద్దు, గాలి ఆడే మూల ఒకటి కేటాయించండి. ఏసీ నీళ్లు పోవడానికి గోడలో అంగుళం పైపు బయటికి వాలుగా వేయాలి. ఆ పైపు సమతలంగా ఉంటే నీళ్లు వెనక్కి తిరిగి గోడ పెయింటు ఉబ్బుతుంది.

సోలార్ ఇప్పుడు పెట్టకపోయినా దారి ఉంచండి. డాబా నుంచి మీటరు బోర్డు దాకా అంగుళంన్నర పైపులు రెండు, లోపల లాగే తాడుతో సహా వదలాలి. 3 కిలోవాట్లకు నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ట్యాంకు, మెట్లగది నీడ ఎక్కువగా ఉత్తరం వైపు పడుతుంది, వాటి వెనక ప్యానెళ్లు పెట్టవద్దు. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం కుంటుపడుతుంది. ప్యానెళ్ల కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే పోయాలి. తర్వాత డ్రిల్లు పెడితే కారడానికి మనమే దారి చూపినట్టు.

కోతుల గురించి రాయకపోతే ఉత్తర తెలంగాణలో ఇల్లు కట్టే సంగతి పూర్తికాదు. డాబా మీద తేలి ఉన్న సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు పట్టుకుని ఊగుతాయి, జాయింటు విరుగుతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. ఆ పైపుకు ఎండ కూడా శత్రువే. డాబా మీద వరకు జీఐ పైపు వాడితే మేలు. లేదా పిట్టగోడ లోపలి అంచున ప్రతి మూడడుగులకు క్లాంపు వేసి, ఎండ తగలకుండా పెయింటు పూయాలి. ట్యాంకు మూత తాళం వేసేది కావాలి. కిటికీ గ్రిల్ చువ్వల మధ్య సందు మూడంగుళాలు దాటితే పిల్లకోతి దూరి లోపలి గొళ్లెం తీస్తుంది, గ్రిల్ వెనక స్టీలు జాలీ ఉండాలి. వంటింటి వెనక గిన్నెలు తోమే చోటుకు పైనుంచి కూడా గ్రిల్ వేయాలి. పక్కల మాత్రమే వేసి పైన వదిలేయడం అందరూ చేసే పొరపాటు. వైర్లన్నీ గోడలోనే పోవాలి.

ఎండకు పడమటి గోడ, డాబా రెండే ముఖ్యం. పడమటి కిటికీలకు రెండడుగుల సజ్జ, ఆ వైపు మెట్లో బాత్రూములో వచ్చేలా ప్లాను, డాబా మీద తెల్లటి కూలింగ్ టైల్స్ లేదా కూల్ పెయింట్ ఉంటే పై గదుల వేడి తగ్గుతుంది. రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. డాబా వాలు పదడుగులకు అంగుళంపావు ఉండాలి, ప్రతి 400 చదరపు అడుగులకు ఒక నాలుగంగుళాల నీటిగొట్టం ఉండాలి. మన దగ్గర ఏటా దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన. 120 గజాల డాబా మీద పడే దాంట్లో కొంత పోయినా ఎనభై వేల లీటర్లు ఇంకుడుగుంతకు అందుతాయి. ఆ గుంతను బోరుకు దగ్గరగా, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వాలి.

సెప్టిక్ ట్యాంకు అయిదుగురికి అయిదడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, నీటి లోతు మూడడుగుల పైచిలుకు చాలు. అడుగున కాంక్రీటు పోయకుండా వదిలేస్తే మురికి సొంత బోరులోకే దిగుతుంది. శుభ్రం చేసే ట్యాంకరు పైపు గేటు నుంచి అందే చోట దాని మూత ఉండాలి. వంటింటికి రెండే మాటలు: గట్టు ఎత్తు వండే మనిషిని నిలబెట్టి కొలవండి, గ్యాస్ సిలిండర్ బయట పెట్టుకునేలా గోడలో పైపు దారి వదలండి.

గిలాబు చేయకముందు ప్రతి గోడను, చువ్వలు కట్టిన స్లాబును టేపు పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. మేకు కొట్టాలన్నా, కారే పైపు వెతకాలన్నా ఆ ఫొటోలే ఆధారం. మేస్త్రీ, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, ఇంటామె నలుగురూ స్లాబుకు వారం ముందు ఒకచోట కూర్చుని ప్లాను మీద గీతలు గీస్తే ఈ ఉత్తరంలో రాసిన వాటిలో సగం అక్కడే తేలిపోతాయి. ఇంటామె అని ఎందుకు రాశామంటే, ఆ ఇంట్లో రోజంతా పనిచేసేది ఎక్కువగా ఆమే, ప్లాను దగ్గర ఆమెను కూర్చోబెట్టేవాళ్లు తక్కువ.

అధికారులకు ఒక విన్నపం. ఇప్పుడు అనుమతులు ఆన్‌లైన్‌లో త్వరగా వస్తున్నాయి, మంచిదే. ఆ అనుమతి పత్రం మీద సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా) ఉంటాయి, అంతస్తులు ఉంటాయి, ఆ వీధి రోడ్డు చివరికి ఏ ఎత్తుకు వస్తుందో మాత్రం ఉండదు. కార్పొరేషన్, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) కలిసి ప్రతి కాలనీకి రోడ్డు లెవెల్‌ను, దగ్గరి నాలా వరద మట్టాన్ని ఖరారు చేసి అనుమతి పత్రంలోనే ముద్రించాలి. ముందు నాలా, చెరువుల పక్క కాలనీలతో మొదలుపెట్టినా చాలు. వీధి చివర ఒక రాయి పాతి ఆ మట్టం గీస్తే ముగ్గు పోసేనాడు మేస్త్రీ నీటి గొట్టం పట్టి అక్కడి నుంచే కొలుచుకుంటాడు.

ఇట్లు,
ఇళ్ల నిర్మాణంలో పనిచేసే కొందరు సివిల్ ఇంజనీర్లు, మేస్త్రీలు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు
హనుమకొండ